మూసీ మీద రోప్‌వే కావాలని లేఖ రాయమంటున్నారు. ఏం రాయాలి?

పాతచిట్టా (ప్రశ్న):

మాది హైదరాబాదులో మలక్‌పేట వైపు. ఇంటి నుంచి మూసారాంబాగ్ వంతెనకు నడిచి వెళ్లవచ్చు. ప్రభుత్వ ఖాతాల తనిఖీలో ముప్పై రెండేళ్లు పనిచేసి విరమించాను. పోయిన ఆదివారం మా కాలనీ సంఘం సమావేశంలో నీళ్ల ట్యాంకు, వీధి కుక్కలు, వినాయకుడి చందాలో మిగిలిన డబ్బు, ఈ మూడు సంగతులూ తేలాక ఒక కుర్రవాడు లేచి ల్యాప్‌టాప్ తెరిచాడు. మూసారాంబాగ్ మెట్రో స్టేషను నుంచి మూసీ దాటి అంబర్‌పేటకు రోప్‌వే అట. ఆకాశంలో వరసగా గాజు పెట్టెలు, కింద నీలంగా మెరిసే నది. మూసీకి ఆ నీలం ఎక్కడి నుంచి వచ్చిందని మా ఆవిడ నా చెవిలో అడిగింది. మిగతావారు చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు నా వైపు తిరిగి, "సార్, మీరు కెనడాలో ఇలాంటిది చూసి వచ్చారు కదా, ప్రభుత్వానికి లేఖ మీరే రాయండి" అన్నారు.

నేను అక్కడ రోప్‌వేను చూడలేదు. రోప్‌వే రాకుండా ఆగిపోవడం చూశాను. ఆ తేడా చెప్పబోయేలోపు టీలు వచ్చేశాయి.

2022 వేసవిలో మా అమ్మాయి దగ్గర ఎడ్మంటన్‌లో నాలుగు నెలలు ఉన్నాం. ఆ ఊరి నడుమ నార్త్ సస్కాచువాన్ నది పారుతుంది. ఊరు రెండు వైపులా ఎత్తున ఉంటే నది ఎక్కడో లోతున ఉంటుంది. మధ్యలో అంతా చెట్లు నిండిన లోయ. నగరం నడిబొడ్డు అటు గట్టున, మా అమ్మాయి ఉండే ఓల్డ్ స్ట్రాత్‌కోనా ఇటు గట్టున. 2018లో ఊరికి ఏం కావాలో చెప్పమని ఒక పోటీ పెడితే, లోయ మీదుగా రోప్‌వే వేయాలన్న ఆలోచన గెలిచిందట. తరవాత ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని చేతికి తీసుకుంది. ఐదు స్టేషన్లు, దాదాపు రెండున్నర కిలోమీటర్లు. నగరపాలక సంస్థ పైసా పెట్టనక్కర్లేదు అన్నారు.

ఆ చివరి మాట వింటే నాకు ఇప్పటికీ కుర్చీలో వెన్ను నిటారుగా అవుతుంది. నా ఉద్యోగంలో ఆ మాట రాసి ఉన్న ఫైళ్లే అన్నిటికన్నా లావుగా ఉండేవి.

అయినా మొదట్లో నేను రోప్‌వే పక్షమే. నా మోకాళ్లు మెట్లంటే హడలిపోతాయి. మంచు కాలంలో బస్టాపులో నిలబడటం ఎలా ఉంటుందో మా అమ్మాయి ఫోనులో చెప్పగా వినీ వినీ ఉన్నాను. గాజు పెట్టెలో కూర్చుని లోయ దాటడం కన్నా సుఖం ఏముంటుంది? వద్దనేవారు చెట్ల గురించి, పక్షుల గురించి, లోయ అందం గురించి మాట్లాడారు. కంపెనీ మధ్యలో చేతులెత్తేస్తే ఆ స్తంభాలు ఎవరు పీకాలి అని కొందరు అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది కానీ నా మనసు మాత్రం మారలేదు.

మార్చింది రాస్‌డేల్. రోప్‌వే స్టేషన్లలో ఒకటి నది పక్కనున్న ఆ పల్లపు నేలలో, పాత విద్యుత్ కేంద్రం దగ్గర కట్టాలనుకున్నారు. ఒక సాయంత్రం మా అల్లుడు నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. వేల ఏళ్లుగా ఆదివాసీ జాతులు వచ్చి కలుసుకున్న చోటు అది. ఆ తరవాత తోళ్ల వ్యాపారుల కోట వెలిసింది. రెండు రకాల మనుషులూ అక్కడే పూడ్చబడ్డారు, చాలామందికి తల దగ్గర రాయి కూడా లేదు. ఆ నేల మీద ఊరు పెరిగింది, తవ్వినప్పుడల్లా ఎముకలు బయటపడ్డాయి. ఇప్పుడు ఒక స్మారక స్థలం ఉంది. నేను చెప్పులు విప్పాలా వద్దా అని తడబడుతుంటే మా అల్లుడు మాట్లాడకుండా పక్కన నిలబడ్డాడు. ఏ అంగుళంలో ఎవరున్నారో కచ్చితంగా చెప్పలేని నేలలో స్తంభం పాతడానికి గొయ్యి తీస్తామంటే, ఆ మనుషుల సంతతి వారు ఒప్పుకోలేదు. ఆగస్టులో నగర మండలి ఓటు వేసి ఆ ఒప్పందానికి మంగళం పాడింది. అప్పటికి మేం ఇంకా అక్కడే ఉన్నాం.

ఇప్పుడు నా చిక్కు చెబుతాను. ఆ కుర్రవాడు చూపించిన బొమ్మలో తీగ ఉంది, పెట్టెలు ఉన్నాయి, సూర్యాస్తమయం కూడా ఉంది. స్తంభాల కింద మాత్రం ఏమీ గీయలేదు, తెల్లగా వదిలేశాడు. మన వంతెనకు అటు అంబర్‌పేట శ్మశానం ఉంది. గట్టు వెంబడి ఇళ్లున్నాయి. ఆ తెల్లటి చోటులో ఏముందో రాయకుండా లేఖ మీద సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు. రాయనంటే మాత్రం "పెద్దాయన ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తారు" అంటారు, ఆ పేరు నాకు ఇదివరకే ఉంది. ఈ విషయం తెలిసినవారు చెప్పండి: అసలు మన మూసీకి ఇది పనికొచ్చే వస్తువేనా?

గ్రీజుచేతులు:

సార్, ఒక కొండ మీది గుడి దగ్గర రోప్‌వేలో పదకొండేళ్లు మరమ్మతు పని చేశాను. పనికొచ్చే వస్తువే. దాన్ని బొమ్మ బండి అనుకోవద్దు.

లెక్క వేసి చూడండి. పది మంది పట్టే పెట్టె పన్నెండు సెకన్లకు ఒకటి చొప్పున బయలుదేరితే గంటకు 300 పెట్టెలు, అంటే ఒక వైపుకు 3,000 మంది. కొలంబియాలో మెడెలీన్ నగరం 2004లో మొదలుపెట్టిన మొదటి లైను సామర్థ్యం ఇంతే, వారణాసిలో కడుతున్నదీ ఇదే లెక్క. అరవై మందిని ఎక్కించుకునే సిటీ బస్సులు గంటకు యాభై నడిపితే గానీ దీనికి సాటి రావు. అయితే రోప్‌వేలన్నీ ఒకటి కావు. గువాహటిలో బ్రహ్మపుత్ర మీద 2020లో తెరిచినది 1.8 కిలోమీటర్లు ఉంటుంది, కానీ అక్కడ ఉన్నవి రెండే పెద్ద పెట్టెలు. ఒకటి వస్తుంటే ఒకటి పోతుంది. పెట్టెకు ముప్పై మంది, ప్రయాణం ఎనిమిది నిమిషాలు. ఎక్కడం దిగడం కలుపుకుంటే గంటకు ఎంతమంది అవుతారో మీ వంటి లెక్కల మనిషికి నేను చెప్పనక్కర్లేదు. మీ కాలనీ కుర్రవాడు ఏ రకం అడుగుతున్నాడో ముందు కనుక్కోండి.

ఇక మా పని సంగతి. తెల్లవారుజామున ఖాళీ పెట్టెలను ఒక చుట్టు తిప్పాకే మనుషులను ఎక్కిస్తాం. స్తంభం పైన గిలకల వరస ఉంటుంది, వాటి రబ్బరు అరుగుదల చూడాలి. తాడును పట్టుకునే గ్రిప్పు చూడాలి. ఉక్కు తాడులో ఎన్ని పోగులు తెగాయో చూడాలి. గాలి హద్దు దాటితే ఆపేస్తాం, దగ్గర్లో పిడుగులు పడుతుంటే ఆపేస్తాం. మూసారాంబాగ్ పాత వంతెన ఎప్పుడు మునుగుతుంది? కుండపోత కురిసి జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు. ఆ రోజే కదా రోప్‌వే ఎక్కాలని జనం వచ్చేది? ఉరుములు ఉరుముతుంటే సరిగ్గా అప్పుడే మేం ఆపి కూర్చుంటాం.

ఇంకొకటి. మధ్యలో ఆగిపోతే మనుషులను పెట్టెలోంచి తాడుతో కిందికి దించుతాం. కింద నేల ఉండాలి. 2022 ఏప్రిల్‌లో దేవ్‌ఘర్ దగ్గర త్రికూట కొండ మీద కింద లోయ కావడంతో వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది, ముగ్గురు చనిపోయారు. వరదలో ఉన్న మూసీ మీదకు ఎవరిని దించుతారు?

జీరోటికెట్టు:

నేను అంబర్‌పేట నుంచి రోజూ మలక్‌పేటలో మందుల దుకాణానికి పనికి వస్తాను. గ్రీజుచేతులు గారు చెప్పినవన్నీ భయం పుట్టించాయి కానీ, నిజం చెప్పాలంటే బస్సు కోసం నిలబడినప్పుడు నేను రోప్‌వే కాదు, గాడిద వచ్చినా ఎక్కేస్తాను. వంతెన మూసిన రోజుల్లో గోల్నాక, చాదర్‌ఘాట్ చుట్టూ తిరిగి వెళ్లేసరికి ఇంట్లో అన్నం చల్లారిపోయి ఉంటుంది.

అయితే ఒక్క మాట అడుగుతాను. 2023 డిసెంబరు నుంచి సిటీ బస్సులో మా ఆడవాళ్లకు టికెట్టు సున్నా. రోప్‌వేకు ఎంత పెడతారు? ఇరవై రూపాయలు అనుకుందాం. రానూపోనూ నలభై, నెలకు వెయ్యి. మా యజమాని పోయిన ఏడాది పెంచిన జీతం ఐదు వందలు. మొదటి వారం అందరం ఎక్కుతాం, ఫొటోలు తీసుకుంటాం. రెండో వారం నుంచి మళ్లీ బస్టాపులోనే కనిపిస్తాను.

ఎత్తైన కొత్త వంతెన పూర్తయ్యాక దాని మీద బస్సులు ఎన్ని నడుపుతారో ఎవరైనా అడిగారా?

నీలంమూసీ:

అంకుల్, ఆ ల్యాప్‌టాప్ నాదే. ఇక్కడ దొరికిపోతారని అనుకోలేదు.

నీలం సంగతి ముందు ఒప్పుకుంటాను. నది అని చెబితే ఆ సాఫ్ట్‌వేరు దానంతట అదే నీలం పూసింది. మూసీకి ఏ రంగు వేయాలో నాకూ తెలియలేదు.

మిగతావి ఒప్పుకోను. బొలీవియాలో లా పాజ్ నగరం 2014లో మొదలుపెట్టి పది లైన్లు వేసింది, ముప్పై కిలోమీటర్లకు పైనే. అక్కడ ఎక్కేది పర్యాటకులు కాదు, కూలీలు, కాయగూరలు అమ్మేవాళ్లు. మన దేశంలోనూ 2022-23 కేంద్ర బడ్జెట్‌లో పర్వతమాల పేరుతో రోప్‌వేల పథకం ప్రకటించారు. వారణాసిలో కంటోన్మెంట్ స్టేషను నుంచి గొదోలియా దాకా కడుతున్నారంటే కారణం ఏమిటి? ఆ సందులను వెడల్పు చేయాలంటే సగం ఊరిని కూలగొట్టాలి. అదే తీగ అయితే పైనుంచి పోతుంది. ఇళ్లు కూల్చకుండా దాటించే దారి గురించి నేను ఆలోచిస్తే, నేనే ఇళ్లు కూల్చేవాడిలా మాట్లాడుతున్నారు. ఎడ్మంటన్ వాళ్లకు కార్లున్నాయి, వద్దనుకున్నా బతుకుతారు. మనం కూడా వాళ్లలా వద్దనుకోవాలా?

కుట్టుమిషను:

నేను చాదర్‌ఘాట్ దగ్గర మూసీ గట్టున ఉంటాను, జాకెట్లు కుడతాను. మా బాబు ఈ చర్చ చదివి వినిపించాడు, నేను చెబుతుంటే వాడే టైపు చేస్తున్నాడు.

2024 సెప్టెంబరులో, ఖాళీ చేయించే ఇళ్లని గుర్తుగా సర్కారువాళ్లు మా గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి వెళ్లారు. నదీగర్భం అని దాని అర్థమట. ఇరవై ఆరేళ్లుగా నేను నదీగర్భంలో కాపురం చేస్తున్నానని ఆ రోజు తెలిసింది. వచ్చినవాళ్ల చేతిలో మ్యాపు ఉంది. మ్యాపులో మా వీధి లేదు, రెండు గీతలు మాత్రం ఉన్నాయి. మా పక్కింటివాళ్లు సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇంటికి వెళ్లిపోయారు. ఇల్లు బాగుందంటున్నారు. ఆమె నలుగురి ఇళ్లలో వంట చేసేది, ఆ నాలుగు ఇళ్లూ ఇక్కడే ఉండిపోయాయి.

నీలం మూసీ బాబూ, నిన్ను అనడం లేదు. నీ తీగ పైనుంచే పోతుంది, ఒప్పుకుంటాను. మా మిద్దెల మీద మేం బట్టలు ఆరేస్తాం, ఎండాకాలం అక్కడే పడుకుంటాం. పన్నెండు సెకన్లకు పది మంది మా నెత్తి మీదుగా చూసుకుంటూ పోతారన్నమాట. సరే, పరదా కట్టుకుంటాం. నీ స్టేషను ఎక్కడ దిగుతుందో అది చెప్పు. స్టేషను గాలిలో ఉండదు కదా.

ఊరకచూపు:

చిన్న మాట. గోల్కొండ కోట నుంచి కుతుబ్‌షాహీ సమాధుల దాకా రోప్‌వే వేయాలన్న ఆలోచన ఇప్పటికే పత్రికల్లో వచ్చింది. గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్లలో అనుమతి లేకుండా కట్టకూడదు. అంటే అక్కడ స్తంభం నాటబోతే చట్టం ఆపి "ఎక్కడ?" అని అడుగుతుంది. అంబర్‌పేట శ్మశానం తరఫున అలా అడిగేవారు పాతచిట్టా గారు తప్ప ఎవరూ కనిపించడం లేదు.

లండన్‌లో థేమ్స్ మీది కేబుల్ కారు సంగతి కూడా చూడండి. 2012 ఒలింపిక్స్ ముందు తెరిచారు. రోజూ పనికి వెళ్లేవారు దాన్ని దాదాపు ముట్టుకోలేదు, సెలవుల్లో పిల్లలను తీసుకొచ్చేవారే ఎక్కారు. నెల పాసు అందులో చెల్లకపోవడం ఒక కారణం. జీరోటికెట్టు గారు రెండో వారం గురించి చెప్పింది అక్షరాలా నిజం.

పాతచిట్టా:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, మధ్యలో ఒక పని జరిగింది.

నీలంమూసీ శనివారం పొద్దున్న మా ఇంటికి వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను, అచ్చు వేసిన పెద్ద మ్యాపు చుట్టి పట్టుకుని వచ్చాడు. మా ఆవిడ ఇచ్చిన ఉప్మా తిని, "అంకుల్, నడుద్దాం" అన్నాడు. మెట్రో స్టేషను దగ్గర మొదలుపెట్టాం. స్తంభాలు ఉంటాయనుకున్న చోట మ్యాపు మీద ఎర్ర చుక్కలు పెట్టుకున్నాడు. చుక్క దగ్గరికి చేరినప్పుడల్లా ఆగి, అక్కడ ఏముందో నా పాత తనిఖీ పుస్తకంలో రాశాను. మొదటి చుక్క ఒక టైర్ల దుకాణం ముందు పడింది. దాని యజమాని మాకు టీ ఇప్పించి, పరిహారం ఎంత వస్తుందని అడిగాడు. రెండోది ఒక అపార్ట్‌మెంటు ప్రహరీ గోడ. వంతెన మీద ముక్కు మూసుకుని కాసేపు నిలబడ్డాం. నది నలుపు, అంచున గులాబీ రంగు ప్లాస్టిక్ సంచులు, వాటి మధ్య తెల్ల కొంగలు. మూడో చుక్క కోసం శ్మశానంలోకి వెళ్లాం. అది కట్టెలు పేర్చే రేకుల కొట్టం మీద పడింది. అక్కడ పనిచేసే మనిషి మ్యాపు చూసి, "కొత్త పొగగొట్టం కడుతున్నారా సార్?" అని అడిగాడు. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. లోపల రెండు చితులు కాలుతున్నాయి.

తిరిగి వస్తూ ఆ కుర్రవాడే అన్నాడు, "లా పాజ్‌లో కింద ఊరు, పైన ఊరు ఉంటాయి అంకుల్, ఇక్కడ రెండు గట్లూ ఒకే ఎత్తు." అది నేను చెప్పాలని దాచుకున్న మాట. ఎడ్మంటన్ లోయ లోతు, మెడెలీన్ కొండల నిలువు చూస్తే తీగ ఎందుకో అర్థమవుతుంది. మన దగ్గర వంతెన చేసే పనికి తీగ దేనికి? అయినా అతని మాటలో ఒకదాన్ని నేను తోసిపుచ్చలేను. సందులు ఇరుకైన పాతబస్తీలో, ఇంకెక్కడైనా, ఇళ్లు కూల్చడమా తీగ వేయడమా అన్న ప్రశ్న వస్తే నేను తీగ వైపే ఉంటాను. స్తంభాల చుక్కలు ముందు చూపిస్తేనే సుమా.

గ్రీజుచేతులు గారూ, 2025 సెప్టెంబరులో గేట్లు ఎత్తి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చిన రాత్రి మా వీధిలో ఉరుములకు కిటికీలు అదిరాయి. మీరు అన్న మాట అప్పుడు గుర్తుకు రావలసింది, ఇప్పుడు వచ్చింది.

లేఖ పూర్తయింది. అందులో రోప్‌వే అడగలేదు. కొత్త వంతెన మీదుగా అంబర్‌పేట నుంచి మూసారాంబాగ్ మెట్రో దాకా పది నిమిషాలకు ఒక బస్సు, వంతెనకు రెండు వైపులా గొడుగు పట్టుకుని నడిచేంత వెడల్పు కాలిబాట అడిగాం. మూసీ దాటడానికి ఇకపై ఏ పథకం వచ్చినా, నేల మీద దాని కాలు ఎక్కడ పడుతుందో చూపించే మ్యాపును గట్టున ఉండేవారి ముందు తెలుగులో, ఉర్దూలో పెట్టాలని ఒక పేరా రాశాను. ఆ పేరా కుట్టుమిషను గారిది, వాక్యాలు మాత్రమే నావి. నా సంతకం కింద నీలంమూసీ కూడా సంతకం చేశాడు. ఎడ్మంటన్ గురించి రెండు పేజీలు రాస్తే మా ఆవిడ మొత్తం కొట్టేసింది.

నిన్న అధ్యక్షుడికి ఇచ్చాను. చదివి, వెనక్కి తిప్పి చూసి, "ఇందులో కెనడా ఏది సార్?" అన్నారు.